కుందేలు చూపించిన మూల

పిల్లలు ముచ్చటపడి కుందేలు పిల్లని తెచ్చుకుంటారు. నెల తిరక్కుండానే అది పెరటి పంజరంలోకి చేరుతుంది. కారణం ఒక్కటే... ఇల్లంతా పాడుచేస్తోందని! కానీ పిల్లిలాగే కుందేలు కూడా ఆ పని ఒకేచోట చేయడం నేర్చుకోగలదు. కావాల్సిందల్లా ఓ పాత ప్లాస్టిక్ టబ్బు, నాలుగు పాత పేపర్లు, గుప్పెడు గడ్డి... కాస్త ఓపిక.

మొదటిరోజు ఇల్లంతా సందడే. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చిన పిల్ల. దూదిపింజలాంటి ఒళ్లు, గులాబీరంగు చెవులు, క్షణం ఆగకుండా కదిలే ముక్కు. పక్కింటి పిల్లలూ ఎదురింటి పిల్లలూ వచ్చి చూసిపోతారు. ఒకరు కేరెట్ తెస్తారు, ఇంకొకరు బిస్కెట్ పెట్టబోతారు. పేరు దగ్గర ఓ గొడవ. రాత్రికి ఎవరి మంచం పక్కన ఉండాలన్న దగ్గర మరో గొడవ.

మూడోరోజు పొద్దున్నే ఇల్లు ఊడుస్తుంటే మంచం కిందనుంచి మిరియాలు దొర్లినట్టు పెంటికలు దొర్లుకుంటూ వస్తాయి. నాలుగోరోజు దుప్పటి తడి. ఐదోరోజు టీవీ వెనక. ఆరోరోజు దేవుడి గది గడప దాకా వెళ్లిందంటే ఇక నాయనమ్మ నోటికి అడ్డే ఉండదు. 'దాన్నయినా ఉంచండి, నన్నయినా ఉంచండి' అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. కుందేలు వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి, పెరట్లో చిలకల కోసం కొన్న తీగల పంజరంలోకి... మకాం మారుస్తూ పోతుంది. అక్కడ దాన్ని పలకరించేవాళ్లు తగ్గిపోతారు. ఎవరూ దగ్గరికి రాకపోయేసరికి బెదురు పెరుగుతుంది. చెయ్యి పెడితే కరుస్తుంది. ఓ సాయంత్రం ఎవరో అంటారు... 'పాపం, పొలంలో వదిలేద్దాం. హాయిగా బతుకుతుంది'.

బతకదు.

గుడివాడ పక్కనున్న పెదపారుపూడినే తీసుకోండి. ఊరు దాటితే కనుచూపుమేరా వరిచేలు. సార్వా కాలమంతా చేలల్లో నీళ్లు. కోతలయ్యాక మినుము. దాక్కోవడానికి దట్టమైన పొదల్లేవు, బొరియ తవ్వుకోవడానికి ఆరిన మెరకల్లేవు. నల్లటి చేలో తెల్లటి కుందేలు ఎంత దూరానికైనా కనపడుతుంది. ఊరకుక్కలు, ముంగిసలు, గుడ్లగూబలు... వీటిలో ఏ ఒక్కటి చాలు. దుకాణంలో కొన్నది, ఇంట్లో పెరిగింది... దానికి ఎటు పరిగెత్తాలో కూడా తెలియదు. ఒక్క రాత్రి గడిస్తే గొప్ప.

అందుకే కుందేలు ఇంట్లో ఉంటుందా, పొలం పాలవుతుందా అన్నది చాలాసార్లు ఆ ఒక్క టబ్బు మీదే ఆధారపడి ఉంటుంది.

చెవులపిల్లికి రాదు... కుందేలుకి వచ్చు!

పొలం గట్లమీద అప్పుడప్పుడూ కనపడే చెవులపిల్లినీ, ఇంట్లో పెంచుకునే కుందేలునీ మనం ఒకే గాటన కట్టేస్తాం. 'అది బతకట్లేదా, ఇదీ బతుకుతుంది' అన్న ధీమా అక్కడినుంచే వస్తుంది. నిజానికి రెండూ వేరువేరు జంతువులు. చెవులపిల్లి మన నేల మీద పుట్టి పెరిగిన జీవి. బొరియ తవ్వదు. గడ్డిదుబ్బు చాటునో, పొద కిందనో ఒళ్లు పట్టేంత పల్లం చూసుకుని ఒదిగి కూర్చుంటుంది. దాని పిల్లలు పుట్టడమే ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. పట్టుకోవడం, పెంచడం నేరం.

ఇళ్లలో పెంచే కుందేళ్ల పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతాలవి. అవి గుంపులుగా నేలలో బొరియలు తవ్వుకుని ఉంటాయి. పిల్లలు ఆ చీకట్లోనే బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. సుమారు పదిరోజులకి కళ్లు తెరుస్తాయి. ఇంతమంది ఒకేచోట కాపురం ఉంటే శుభ్రం విషయంలో ఓ కట్టుబాటు ఉండాలిగా! అందుకే గుంపులోని కుందేళ్లన్నీ బయట కొన్నిచోట్లు ఎంచుకుని అక్కడికే వెళ్లి పెంటికలు వేస్తాయి. అక్కడ కుప్ప పెరుగుతుంది. ఆ వాసన పొరుగు గుంపుకి సరిహద్దు రాయి లాంటిది... 'ఇది మా హద్దు, దాటొద్దు' అని.

అంటే ఒకచోటికి వెళ్లే అలవాటు దానికి పుట్టుకతోనే ఉంది. మనం కొత్తగా నేర్పేదేమీ లేదు. మన ఇంట్లో ఆ చోటు ఏదో దానికి తెలిసేలా చేయడమే. పెంపుడు కుందేలు కూడా ఇంట్లోకి రాగానే ఓ మూల చూసుకుంటుంది. సాధారణంగా గది మూలే. వెనక గోడ, పక్కన గోడ ఉంటే దానికి ధైర్యం. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. టబ్బు తమకి వీలుగా ఉన్నచోట పెట్టి, కుందేలు అక్కడికే రావాలని పట్టుబడతారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు! అది ఎంచుకున్న మూలలో మనం టబ్బు పెట్టాలి తప్ప, మనం పెట్టిన టబ్బు దగ్గరికి అది రాదు.

తొందరపడి తెచ్చుకోవద్దు

అసలు కథ కొనేటప్పుడే మొదలవుతుంది. దుకాణాల్లో గుప్పెట్లో ఇమిడేంత పిల్లల్ని అమ్ముతుంటారు. ఎంత చిన్నదైతే అంత ముద్దు అని మనమూ అలాంటివే ఏరుకుంటాం. ఎనిమిది వారాలు నిండనిదాన్ని తల్లినుంచి విడదీస్తే దాని పేగులు కొత్త తిండిని తట్టుకోలేవు. నాలుగైదు వారాల పిల్లలు ఇంటికొచ్చిన నాలుగురోజుల్లో విరేచనాలు పట్టుకుని పోవడం మామూలుగా జరిగేదే. ఆ వయసులో ఏ అలవాటూ ఒంటబట్టదు కూడా. రెండు నెలలు నిండి, గడ్డి నములుతూ, గుండ్రటి గట్టి పెంటికలు వేస్తున్నదాన్ని చూసి తీసుకోండి.

ఇంకో సంగతి. దుకాణంవాళ్లు 'ఇంతే ఉంటుందండీ, పెరగదు' అంటే నమ్మకండి. మన దగ్గర ఎక్కువగా కనపడేవి న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్ లాంటి రకాలో, వాటి కలగలుపో. ఇవి మాంసం కోసం, బొచ్చు కోసం వృద్ధి చేసినవి. తమిళనాడులో కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఉన్న కేంద్ర ప్రభుత్వ గొర్రెల, ఉన్ని పరిశోధన కేంద్రంలో పెంచేది కూడా వీటినే. పెద్దయితే మూడున్నర, నాలుగు కిలోలు తూగుతాయి. కాబట్టి టబ్బు కొనేటప్పుడు ఇవాళ్టి పిల్లని కాదు, ఆర్నెల్ల తర్వాతి కుందేలుని ఊహించుకోవాలి. అది లోపల పూర్తిగా తిరగగలగాలి, కావాలంటే కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. రెండడుగుల పొడవున్న టబ్బు సరిపోతుంది. అంచు ఎత్తుగా ఉంటే ఒకపక్క చిన్న గుమ్మంలా కోసేయండి. కోసిన అంచు గరుకుగా లేకుండా చూడండి.

మొదటి వారం... చూస్తూ ఉండటమే

కొత్తగా వచ్చిన పిల్లకి ఇల్లంతా చూపించెయ్యాలని ఉంటుంది. వద్దు. మొదట్లో దాని లోకం నాలుగైదు అడుగులకి మించకూడదు. వసారాలో ఓ మూలనో, వంటింటి పక్క గదిలోనో రెండు బల్లలు అడ్డం పెట్టి ఆవరణ చేయండి. నున్నటి టైల్స్ మీద కుందేలు కాళ్లు జారిపోతాయి, చాప పరవండి. చిన్నచోటయితే అది గుర్తుపెట్టుకోవాల్సింది ఒకే మూల. పెద్ద ఇంట్లో వదిలితే నాలుగు గదులకీ పదహారు మూలలు!

రెండురోజులు గమనించండి. మూలకి వెళ్లి, వెనక్కి జరిగి, తోక కాస్త పైకెత్తి, కదలకుండా కూర్చుంటే ఆ పని మీదే ఉందని అర్థం. ఎక్కువసార్లు ఏ మూలకి వెళ్తోందో తెలిసిపోతుంది. టబ్బు అక్కడ పెట్టండి. అడుగున ఐదారు పొరలు పాత పేపర్లు. అంతకుముందు నేలమీద పోసిన మూత్రాన్ని ఓ కాగితంతో అద్ది, ఆ కాగితాన్నీ, నాలుగు పెంటికల్నీ టబ్బులో వేయండి. ఇది చూడ్డానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ, మొత్తం శిక్షణలో ముఖ్యమైన పని ఇదే. కుందేలుకి అదే బోర్డు.

పేపర్లు అన్నాం కదా... మామూలు దినపత్రిక కాగితం వాడండి. నున్నగా మెరిసే రంగుల పేజీలు తడి పీల్చవు. కాబట్టి ఈ అనుబంధం ముఖచిత్రానికి మాత్రం మినహాయింపు ఇప్పించమని మనవి.

పేపర్ల మీద వరిగడ్డి. కృష్ణా డెల్టాలో కుందేలు పెంచుకునేవాళ్లకి ఉన్న పెద్ద అదృష్టం ఇది. పట్నంవాళ్లు పొట్లాలు కొనుక్కునే సరుకు ఇక్కడ వామిలోంచి లాగితే వస్తుంది. కోత యంత్రాలు వచ్చాక వాములు తగ్గినా, చుట్టలు చుట్టిన గడ్డి ఎక్కడోచోట దొరుకుతుంది. పొడిగా, పచ్చటి బంగారు రంగులో ఉన్నదే వాడాలి. వానకి తడిసి నల్లబడి, ముక్క వాసన కొట్టే గడ్డిలో బూజు ఉంటుంది. అది ముక్కులోకి పోయినా కడుపులోకి పోయినా కుందేలుకి ప్రమాదమే.

'కోళ్లఫారాల్లో ఊక వేస్తారుగా, అది వేయొచ్చా?' అని అడుగుతారు. వేయొచ్చుగానీ ఊక దుమ్ము కళ్లలో పడుతుంది, ముక్కుకి ఎక్కుతుంది. తప్పదనుకుంటే పల్చగా పరిచి, పైన మందంగా గడ్డి కప్పాలి. రంపపు పొట్టు కూడా అంతే, దుమ్ము. అందులో దేవదారు, పైన్ లాంటి ఘాటు వాసన చెక్కల పొట్టయితే అసలు వద్దు. ఆ ఆవిర్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పిల్లుల కోసం అమ్మే, తడవగానే గడ్డకట్టే మట్టి అంతకంటే ప్రమాదం. కుందేలు ప్రతిదీ కొరికి చూస్తుంది. ఆ మట్టి కడుపులోకి వెళ్తే అక్కడా గడ్డకడుతుంది.

తింటూనే... ఆ పని కూడా!

కుందేలు విషయంలో మనకి వింతగా అనిపించే అలవాటొకటుంది. అది గడ్డి నములుతూనే పెంటికలు వేస్తుంది. మనకి రెండూ రెండు వేర్వేరు గదుల పనులు. దానికి ఒకటే. ఈ అలవాటే మనకి కలిసొస్తుంది. టబ్బుకి ఒక చివర, నోటికి అందేలా, ఎప్పుడూ తాజా ఎండుగడ్డి పెట్టండి. ఓ చిన్న వెదురుబుట్టో, తీగతో చేసిన జల్లెడలాంటిదో గోడకి తగిలించి అందులో కుక్కినా సరే. గడ్డి కోసం టబ్బులోకి ఎక్కుతుంది, నములుతూ కూర్చుంటుంది, పని కానిచ్చి దిగుతుంది. గిన్నెలో దాణా మాత్రం అక్కడ పెట్టొద్దు.

ఇక్కడో చిన్న మెలిక. అడుగున పరిచే వరిగడ్డి వేరు, తినడానికి పెట్టే గడ్డి వేరు. వరిగడ్డిలో పోషకాలు తక్కువ, ఇసుక పదార్థం ఎక్కువ. అదొక్కటే తిని కుందేలు బతకలేదు. గరిక కోసి నీడన ఆరబెడితే చక్కటి మేత. డెల్టాలో వరి తర్వాత చల్లే పిల్లిపెసర కూడా బాగుంటుంది. ముఖ్యంగా ఆర్నెల్లలోపు పిల్లలకి. పెద్దయ్యాక పప్పుజాతి మేత తగ్గించి గరికకి మార్చాలి. లేకపోతే అందులోని సున్నం మూత్రంలోకి దిగి, చిక్కటి తెల్ల పేస్టులా పేరుకుంటుంది. పురుగుమందు కొట్టిన చేల గట్లమీద గడ్డి మాత్రం ఎంత పచ్చగా కనపడినా కోయకండి.

రోజుకి ఓ కుందేలు రెండు మూడొందల పెంటికలు వేస్తుంది. సంఖ్య చూసి గుండె బాదుకోనక్కర్లేదు. అవి పొడిగా, గుండ్రంగా, దాదాపు వాసన లేకుండా ఉంటాయి. చీపురుతో చిమ్మేస్తే పోతాయి. వాసనంతా మూత్రానిదే. కాబట్టి లక్ష్యం ఏమిటో ముందే తేల్చుకోండి. మూత్రం నూటికి నూరుపాళ్లూ టబ్బులోనే పోయాలి. పెంటికలు నూటికి తొంభై అక్కడ పడితే గెలిచినట్టే. కొత్త చాప పరిచినా, కొత్త మనిషి వచ్చినా 'ఇది నాది' అన్నట్టు నాలుగు పెంటికలు వేసి వెళ్లడం దాని స్వభావం. దాన్ని మాన్పించాలనుకోవడం కుందేటి కొమ్ము కోసం వెతకడమే.

ఇంట్లో పెద్దవాళ్లు చూసి కంగారుపడే విషయాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, కుందేలు తన ఒంట్లోంచి వచ్చినదాన్ని తనే తినడం. గట్టి పెంటికలు కాకుండా, చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా జిగురుగా ఉండేవి కూడా వేస్తుంది. వాటిని నేల మీద పడనివ్వకుండా నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. గడ్డిలోని పోషకాలు మొదటిసారికి పూర్తిగా అందవు కాబట్టి రెండోసారి తిని సంపాదించుకుంటుంది. ఆవు నెమరు వేయడం లాంటిదే, దారి వేరు. దాన్ని ఆపకూడదు. ఆ మెత్తటివి తినకుండా నేల మీద వదిలేస్తోందంటే మాత్రం మనం పెట్టే పళ్లు, దాణా, బిస్కెట్లు ఎక్కువయ్యాయని అర్థం. రెండోది, మూత్రం రంగు. తిన్న ఆకుల్లోని రంగుని బట్టి పసుపు నుంచి ఇటుక ఎరుపు దాకా మారుతుంది. ఎర్రగా కనపడగానే రక్తం అనుకోనక్కర్లేదు. పచ్చటి మూత్రంలో ఎర్రటి చారలు ఉన్నా, పోసేటప్పుడు ముక్కుతున్నా అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కొడితే నేర్చుకోదు

టబ్బు బయట పోసిందని ముక్కు పట్టుకుని నేలకి రుద్దేవాళ్లున్నారు. చెవులు పట్టుకుని ఎత్తి టబ్బులో పడేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. వేటాడే జంతువులకి ఆహారమయ్యే జీవి అది. పైనుంచి చెయ్యి వచ్చి పట్టుకుందంటే గద్ద తన్నుకుపోతోందనే అనుకుంటుంది. గిలగిలా తన్నుకుంటుంది. దాని వెనక కాళ్ల కండలకి ఉన్నంత బలం వెన్నెముకకి లేదు. ఆ తన్నుడులో నడుం విరిగి కాళ్లు పడిపోయిన కుందేళ్లున్నాయి. చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో ఇంద్రజాలికుడికే వదిలేయండి. ఎత్తాల్సివస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి గుండెకి ఆనించుకోవాలి.

బయట పోయబోతున్నట్టు కనపడితే చప్పట్లు ఒకసారి మెల్లగా కొట్టి, చేతులు అడ్డం పెట్టి టబ్బు వైపు మళ్లించండి. టబ్బులో పని కానిస్తే వెంటనే ఓ కొత్తిమీర రెబ్బ. వెంటనే అంటే అది ఇంకా టబ్బులో ఉండగానే. ఐదు నిమిషాలాగి ఇస్తే ఎందుకిచ్చారో దానికి తెలియదు. పోసేసిన తర్వాత తిట్టినా అంతే, ఎందుకు తిడుతున్నారో తెలియదు. పిల్లలున్న ఇంట్లో ఈ కొత్తిమీర డ్యూటీ వాళ్లకే అప్పగించండి. పెద్దవాళ్లకంటే వాళ్లకే ఓపిక ఎక్కువ.

నేల మీద పడినదాన్ని ఎలా తుడవాలన్నదీ ముఖ్యమే. మనకి అలవాటైన మందు ఫినాయిల్. కుందేలు దగ్గర అది వద్దు. వాడి కాళ్లకి అంటితే నాకి మింగేస్తుంది. ఘాటు వాసన గొంతు పట్టేస్తుంది. మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ చల్లడం ఇంకా తప్పు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి మనకీ దానికీ ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడిస్తే వాసన పోతుంది. టబ్బు అడుగున తెల్లగా పేరుకున్న సున్నపు పొర కూడా అదే వెనిగర్‌తో పది నిమిషాలు నానబెడితే వదులుతుంది. టబ్బులో గడ్డి రోజుకోసారో, రెండురోజులకోసారో మార్చండి. కానీ మొదటి నెలలో ప్రతిసారీ పాత గడ్డి ఓ గుప్పెడు ఉంచండి. మరీ తళతళలాడేలా కడిగేస్తే తన చోటు ఏదో గుర్తుపట్టలేదు.

వారం పదిరోజులు పొరపాట్లు లేకుండా గడిస్తే ఆవరణ కాస్త పెంచండి. తర్వాత ఓ గది. తర్వాత ఇంకోటి. పెద్ద ఇల్లయితే రెండో టబ్బు తప్పదు. మళ్లీ పొరపాట్లు మొదలైతే చిన్నచోటికి తీసుకురండి. మంచాలు, సోఫాల మీదికి మాత్రం మొదటి ఆర్నెల్లూ రానివ్వొద్దు. మెత్తటి బట్ట కనపడితే చాలా కుందేళ్లకి టబ్బు గుర్తుకి రాదు.

నాలుగో నెల గండం

అంతా బాగుంది, టబ్బు అలవాటైంది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు అనుకుంటుండగా ఓ రోజు కుందేలు అన్నీ మర్చిపోతుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య దానికి ఈడు వస్తుంది. మగది గిరగిరా మన కాళ్ల చుట్టూ తిరిగి గోడల మీదికి చిమ్ముతుంది. ఆడది తవ్వడం, బొచ్చు పీక్కుని గూడు కట్టడం మొదలుపెడుతుంది. చాలా కుందేళ్లు ఇల్లు దాటేది సరిగ్గా ఈ సమయంలోనే. 'నేర్చుకున్నట్టే నేర్చుకుని మళ్లీ మొదటికొచ్చింది' అని విసిగిపోతారు. నిజానికి అది అలవాటు మర్చిపోలేదు. హార్మోన్లు దాన్ని కుదురుగా ఉండనివ్వవు.

దీనికి మందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. చేసిన కొద్దివారాల్లో హార్మోన్లు సద్దుమణిగి, కుందేలు టబ్బు దారి పడుతుంది. ఆడవాటికి ఇంకో లాభం కూడా ఉంది. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటాక గర్భాశయ కేన్సర్ చాలా ఎక్కువ. కుక్కలకి చేసినంత తేలిక కాదిది. కుందేళ్లకి మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరే చేయాలి. గుడివాడ, పెదపారుపూడి వైపువాళ్లకి గన్నవరంలో 1998 నుంచి నడుస్తున్న ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ముందుగా అక్కడ వాకబు చేయొచ్చు. విజయవాడలో పెంపుడు జంతువుల డాక్టర్లని అడిగేటప్పుడు 'మీరు కుందేళ్లకి చేశారా?' అని నేరుగా అడగండి. మొహమాటపడొద్దు. ఆపరేషన్‌కి ముందు రాత్రంతా పస్తు ఉంచమంటే మాత్రం ఆలోచించుకోవాలి. కుక్కకి, పిల్లికి పస్తు కావాలి. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి దానికా అవసరం లేదు. పైగా పస్తుంటే పేగులు ఆగిపోతాయి.

'తోడుగా ఉంటుందని రెండు తెచ్చాం, రెండూ ఆడవేనన్నాడు' అనేవాళ్లకి ఈ ఆపరేషన్ మరీ అవసరం. చిన్నప్పుడు ఆడమగ తేడా పోల్చుకోవడం అమ్మేవాళ్లకే కష్టం. కుందేలు చూలు నెలరోజులే. ఈనిందంటే ఒక్కో కాన్పుకి అరడజను పైనే. ఈనిన మర్నాడే మళ్లీ కడుపు నిలవగలదు. అప్పుడు ఎన్ని టబ్బులు పెట్టినా చాలవు.

టబ్బు చెప్పే కబుర్లు

శిక్షణ పూర్తయిన కుందేలుతో మరో పెద్ద లాభం ఉంది. దాని ఆరోగ్యం టబ్బులో కనపడుతుంది. కుందేలు జబ్బుని దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనపడినదాన్నే ముందు వేటాడతారు కాబట్టి చివరిదాకా ఏమీ కానట్టే కూర్చుంటుంది. టబ్బు మాత్రం దాచదు. పెంటికలు పెద్దవిగా, ఒకే సైజులో, చిదిమితే గడ్డి పీచులా పొడి అవుతుంటే అంతా బాగున్నట్టు. చిన్నవైపోయి వంకరటింకరగా ఉంటే గడ్డి సరిగా తినట్లేదు. పూసల దండలా వెంట్రుకలతో గుచ్చుకుని వస్తుంటే బొచ్చు ఎక్కువ మింగుతోంది, దువ్వాలి. పన్నెండు గంటలు అసలు పెంటికలే లేకుండా, తిండి కూడా ముట్టలేదంటే ఇక 'రేపు చూద్దాం' అనుకోకూడదు. పేగులు ఆగిపోయిన కుందేలు ఒక్కరోజులో చనిపోవచ్చు. పంజరంలోనో పెరట్లోనో ఉన్న కుందేలు విషయంలో ఈ సంగతి మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అలవాటైన కుందేలు ఉన్నట్టుండి టబ్బు పక్కనే పోస్తోందంటే దాన్ని తిట్టేముందు డాక్టరుకి చూపించండి. మూత్రాశయంలో రాయో, ఇన్ఫెక్షనో, వయసు మీద పడితే కీళ్లనొప్పో ఉండొచ్చు. అంచు దాటడమే కష్టమవుతుండొచ్చు. ఇంట్లో ఉన్న మందులు మాత్రం వేయకండి. అమాక్సిసిలిన్ లాంటి మందు నోటిద్వారా ఇస్తే మనకి జ్వరం తగ్గినట్టు దానికి తగ్గదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలే పోతుంది. కుక్కల గోమార్లకి వాడే ఫిప్రోనిల్ చుక్కలు కూడా కుందేళ్లకి విషమే.

వానాకాలంలో తడి టబ్బు రెండురకాలుగా ముంచుతుంది. అరికాళ్లు నానిపోయి పుళ్లు పడతాయి. వెనకభాగంలో బొచ్చు మురికైతే ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్కరోజులోనే పురుగులు పడి చర్మంలోకి తొలిచేస్తాయి. ఆ రోజుల్లో రోజూ ఒకసారి కుందేలుని వెనక్కి తిప్పి చూసుకోవాల్సిందే. ఎండాకాలం సమస్య వేరు. కుందేలుకి చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల ద్వారానే పోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో అది టబ్బు మానేసి బాత్రూమ్ గచ్చు మీద, నీళ్లకుండ పక్కన చేరిందంటే మొండితనం కాదు, చల్లదనం వెతుక్కుంటోంది. టబ్బుని కూడా అటువైపు జరపండి. ఒక్కసారిగా కాకుండా రోజుకో అడుగు చొప్పున. కిటికీకి తడి గోనెపట్టా, నేలమీద అడ్డంగా పడుకోబెట్టిన పాత మట్టికుండ ఉంటే మధ్యాహ్నాలు గడిచిపోతాయి.

టబ్బులోంచి తీసిన గడ్డినీ పెంటికల్నీ పారేయకండి. పశువుల పేడలా నెలల తరబడి మగ్గనక్కర్లేదు. వంగ, బెండ, గులాబీ మొక్కల మొదట్లో నేరుగా వేసి మట్టి కప్పొచ్చు.

బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఆరో తరగతి పిల్లాడు తెచ్చుకున్న కుందేలు, వాడు ఇంజినీరింగ్ చదవడానికి హాస్టల్‌కి వెళ్లేనాటికీ ఇంట్లోనే ఉంటుంది. అప్పటికి టబ్బు మార్చే పని ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. రోజుకి పది నిమిషాల పనే, కానీ ఏళ్లతరబడి పని. కొనేముందే ఆ మాట ఇంట్లో అనుకోవడం మంచిది, అమ్మని అడగడం ఇంకా మంచిది.

సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరెళ్తూ కుందేలుని తెలిసినవాళ్లింట్లో వదలాల్సివస్తే టబ్బు కూడా వెంట పంపండి. కొత్తది కొనొద్దు, పాతదాన్ని కడగొద్దు. నిన్నటి గడ్డితోనే పంపండి. ఆ ఇంట్లోనూ మొదటి రెండురోజులు చిన్నచోటే ఇవ్వమని, అది ఏ మూలకి వెళ్తోందో చూసి అక్కడే టబ్బు పెట్టమని చెప్పండి.